ఆమోదం పొందిన ప్రేమకథ

ఉప్పులూరి భాస్కరం గారికి ఇంగ్లీషు సినిమాలు అర్థం కావు. ఈ సంగతి భూప్రపంచంలో తనొక్కడికే తెలుసని ఆయన నమ్మకం. మిగతా ప్రపంచం, అంటే ఆయన సూపరింటెండెంటుగా పనిచేసే మంచినీటి మీటర్ల మండలి జిల్లా కార్యాలయమూ, ఆయన భార్య హైమావతీ, ఆయన్ని ఇంగ్లీషు సినిమాలు కాచి వడబోసిన మనిషిగా చూస్తున్నారు.

అలా చూడటానికి కారకుడు కూడా ఆయనే. చదువుకునే రోజుల్లో విశాఖపట్నంలో ఇంగ్లీషు సినిమాల మార్నింగ్ షోలకి వెళ్లేవారు. ముందు వరసలో ఒక లావుపాటి డాక్టరు గారు కూర్చునేవారు. ఆయన నవ్వితే భాస్కరం గారు నవ్వేవారు. ఆయన "చ్చొచ్చొ" అంటే ఈయనా "చ్చొచ్చొ" అనేవారు. డాక్టరు గారు రాని ఆదివారం తెరమీద నడుస్తున్నది కరుణరసమో హాస్యరసమో తేలక ఇంటర్వెల్లోనే లేచి వచ్చేసేవారు.

పెళ్లయ్యాక హైమావతిని కూడా తీసుకెళ్లారు. అక్కడే చిక్కొచ్చింది. "ఏమంటున్నాడండీ?" అని ఆవిడ చెవి దగ్గరికి వంగింది. తెలియదు అనడానికి నోరు రాలేదు. కొత్త పెళ్లికొడుకు కదా! తెరమీద పెదాలు ఆడినంతసేపూ ఆవిడ చెవిలో ఒక కథ అల్లేశారు. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని వింది. ఆ తరవాత అదే అలవాటైపోయింది. భాస్కరం గారు బేరమాడలేరు, మేకు కొట్టలేరు, కూర తెమ్మంటే ముదిరిన బెండకాయలు తెస్తారు. కానీ హైమావతి గోడ మీంచి పక్కింటావిడతో "మావారికి ఇంగ్లీషు సినిమా అంటే మంచినీళ్లు తాగినట్టండి" అంటుంటే, వరండాలో పేపరు చాటున ఆయన ఒళ్లు పులకరించిపోయేది. ఆ ఒక్క మాటా ఊడిపోతే ఆవిడ దృష్టిలో తను ముదిరిన బెండకాయల మనిషిగానే మిగిలిపోతాడని ఆయన భయం. ఉద్యోగం పోతుందన్నా అంత భయపడి ఉండరు.

ఇలా ఉండగా మండలి కౌంటర్లలో మర్యాద లేదని పేపర్లో పడింది. మామూలుగా అయితే పేపరు వాడిని పిలిచి కాఫీ ఇచ్చి పంపేవారు. కానీ కొత్తగా వచ్చిన ఎం.డి. గారు అంతకు ముందే ఏదో చల్లటి దేశంలో శిక్షణ పొంది వచ్చారు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ఎవరిమీదైనా ప్రయోగించకపోతే ఆయనకి నిద్ర పట్టేలా లేదు. డాక్టర్ ప్రహర్ష అనే మానవ సంబంధాల సలహాదారుని పిలిపించి సిబ్బంది సమావేశం పెట్టారు.

"మీ సంస్థలో ప్రణయలోపం ఉంది," అని ప్రహర్ష గారు నిదానంగా ప్రకటించారు. "ఉద్యోగి కౌంటర్లో కసురుకుంటున్నాడంటే, ఇంట్లో ప్రేమ సరఫరా తక్కువగా ఉందని అర్థం. ట్యాంకులో లేనిది కుళాయిలోకి ఎలా వస్తుంది?"

నీళ్ల భాషలో చెప్పేసరికి ఇంజనీర్లందరూ తలలూపారు. దీనికి విరుగుడు కూడా ఆయన దగ్గరే ఉంది. హాలీవుడ్ స్వర్ణయుగంలో వచ్చిన నలుపు తెలుపు ప్రేమహాస్య చిత్రం ఒకటి ఉందట. దాన్ని సతీసమేతంగా చూసి, చోటు తప్పకుండా నవ్వగలిగితే, ఉద్యోగి మృదువైపోతాడట.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వెలువడ్డాయి. "సిబ్బంది యావన్మందియు భార్య లేక భర్తతో సహా చిత్ర ప్రదర్శనకు విధిగా హాజరు కావలెను. అవివాహితులు శాఖాధిపతి ముందస్తు అనుమతితో ఒంటరిగా చూడవచ్చును. హాస్య సన్నివేశములందు నవ్వు క్రమబద్ధముగా ఉండవలెను. చిత్రములోని భాష దృష్ట్యా, ఆంగ్ల చిత్రములందు విశేష అనుభవము గల సూపరింటెండెంటు శ్రీ ఉప్పులూరి భాస్కరం గారిని హాస్య సమన్వయాధికారిగా నియమించడమైనది. వారు తెలుగులో కథాసారాంశమును తయారుచేసి ఆమోదమునకు సమర్పించవలెను."

భాస్కరం గారు ఎం.డి. గారి గదికి పరిగెత్తారు.

"నాకు బీపీ ఉందండి సార్. ఎక్కువ నవ్వకూడదన్నారు."

"నవ్వితే తగ్గుతుందండి బీపీ," అన్నారు ఎం.డి. గారు. "మీ ఇంగ్లీషు సినిమాల పట్టు గురించి అటెండరు దాకా అందరూ చెబుతున్నారు. ప్రతిభను దాచుకోకూడదు. అది కూడా ఒక రకమైన లీకేజీయే."

చేసుకున్నవాడికి చేసుకున్నంత. భాస్కరం గారు ఎం.డి. గారు ఇచ్చిన సినిమా పెన్ డ్రైవు జేబులో వేసుకుని, తేలు కుట్టిన దొంగలా ఇంటికెళ్లారు.

హైమావతి పారాయణానికి వెళ్లిన మధ్యాహ్నాలు చూసుకుని, తలుపు గడియ పెట్టి సినిమా చూశారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ నలుపు తెలుపు మనుషులు మాట్లాడుతుంటే మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టుంది తప్ప ఒక్క గింజ చేతికి దొరకలేదు. "ఎస్", "నో", "మేడమ్" అనే మూడు మాటలు మాత్రం స్పష్టంగా పట్టుకున్నారు. మూడు మాటలతో అంత కథ ఎవరు అల్లగలరు? భాస్కరం గారు అల్లగలరు.

తెరమీద కనపడ్డది ఇది. వానలో గొడుగుతో ఒక మగాడు ఒక ఇంట్లోకి వస్తాడు. వాలుగా టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి అప్పటికే ఆ ఇంట్లో ఉంటుంది. ఇద్దరూ పోట్లాడుకుంటారు. ప్లేట్లు పగలగొట్టుకుంటారు. ఒకరు సోఫా బయటికి ఈడిస్తే ఒకరు లోపలికి ఈడుస్తారు. మధ్యమధ్య బుర్రమీసాల లావాటి పెద్దమనిషి ఒకడు పిలవకుండా వచ్చి, తిన్నగా వంటింట్లోకి వెళ్లి ఏదో తిని, ఇద్దరి భుజాలూ తట్టి పోతుంటాడు. కారణం తెలియకుండా ఒక పెద్దబాతు తిరుగుతుంటుంది. చివర్లో మగాడు మోకాళ్లమీద కూర్చుని ఆవిడ చేతికి ఉంగరం ఇస్తాడు.

భాస్కరం గారు తర్కానికి దిగారు. ఇంతింత సేపు పోట్లాడుకుంటున్నారంటే వాళ్లు మొగుడూ పెళ్లాలే అయి ఉండాలి. పరాయివాళ్ల మధ్య ఇంత గొడవ ఎందుకుంటుంది? ఇక చెప్పాపెట్టకుండా వచ్చి వంటింట్లోకి చొరవగా వెళ్లే మగవాడు అమ్మాయికి మేనమామ కాక మరెవరవుతాడు? భుజాలు తట్టడం రాజీ చేయడానికి. పోతే ఆ ఉంగరం సోఫా కింద పడిపోయి ఉంటుంది. మోకాళ్లమీద కూర్చున్నది అందుకే.

"సోఫాను పలుమార్లు ఈడ్చుట వలన దాని క్రింద పడిన ఉంగరమును భర్త వెదకి భార్యకు అందజేయుటతో కాపురము చక్కబడును," అని సారాంశం ముగించి, చదువుకుని, తన తెలివికి తనే కాస్త మురిసిపోయారు. బాతుని ఏం చేయాలో తోచక వదిలేశారు.

ఎం.డి. గారు సారాంశం ఆసాంతం చదివి, "అద్భుతం. నేను సినిమా చూసినప్పుడు సరిగ్గా నాకూ ఇలాగే అనిపించింది," అని ఆకుపచ్చ సిరాతో ఆమోదించారు. ఆ మాటతో భాస్కరం గారికి గుండె కుదుటపడాల్సింది. కానీ ఎందుకో ఇంకా కొట్టుకుంది.

మొదటి ప్రదర్శన మండలి సమావేశ మందిరంలో, పొద్దున పది గంటలకి. ముందు వరసలో గజిటెడ్ అధికారులు, వెనక నాన్ గజిటెడ్, ఆ వెనక వర్క్ చార్జ్డ్ సిబ్బంది, అందరూ సతీసమేతంగా కూర్చున్నారు. ఆఫీసులో పై అధికారి నవ్వకుండా కింది ఉద్యోగి నవ్వడం అన్నది ఎన్నడూ లేదు. అందుకని క్రమం రాసిపెట్టారు: మొదట సమన్వయాధికారి సూచనగా నవ్వాలి, దాన్ని గమనించి ఎం.డి. గారు, తరవాత గజిటెడ్ వారు, తరవాత వరస ప్రకారం మిగతావారు.

భాస్కరం గారు ప్లేటు పగిలినప్పుడల్లా నవ్వారు. తలుపు గట్టిగా వేసినా నవ్వారు. బాతు కనపడితే ఎందుకైనా మంచిదని నవ్వారు. నవ్వు ఒక్కొక్క వరసే దాటుకుంటూ హాలు చివరికి చేరేసరికి తెరమీద కథానాయిక కిటికీ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. వర్క్ చార్జ్డ్ సిబ్బంది అప్పుడు పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి వంతు వచ్చిందే అప్పుడు.

పక్కన హైమావతి మాత్రం అలవాటు ప్రకారం చెవి దగ్గరికి వంగింది. "ఏమంటోందండీ ఆ పిల్ల, అంతలా ఏడుస్తోంది?"

"పుట్టింటికి పోతానంటోంది. మేనమామ వద్దంటున్నాడు," అన్నారు భాస్కరం గారు.

"పాపం, మంచాయన," అంది హైమావతి.

హాజరు పూర్తి, నవ్వు సంతృప్తికరం అని నివేదిక వెళ్లింది. అక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? డాక్టర్ ప్రహర్ష గారు సారాంశం చదివి, అందులోని మేనమామ పాత్రలో ప్రజాసేవకు నమూనా ఉందని కనిపెట్టారు. పిలవకుండా రావడం, చొరవ తీసుకోవడం, భుజం తట్టడం, ఇరుపక్షాలనూ సమానంగా చూడడం. ఇంతకంటే ఆదర్శ ఉద్యోగి ఎవరు? "మామయ్య సేవా పథకం" మొదలైంది. బుర్రమీసాల పెద్దమనిషి బొమ్మ నిలువెత్తున వేయించి, దండ వేసి, ప్రతి కౌంటరు పైనా పెట్టారు. సిబ్బంది వినియోగదారులను ఇకమీదట మేనకోడలా, మేనల్లుడా అని పిలవాలి. ఫిర్యాదుకు ముందు కుశలప్రశ్నలు వేయాలి.

టిఫిన్ బండి నూకాలమ్మ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి గుమాస్తా సత్తిరాజు చేతులు చాచి లేచాడు.

"రా అమ్మా మేనకోడలా! అన్నం తిన్నావా?"

"తిన్నాను గానీ బాబూ, మా కుళాయిలో చుక్క నీళ్లు రావట్లేదు, మీటరు మాత్రం గిర్రున తిరుగుతోందండి."

"అది తరవాత. మా అక్కయ్య కులాసాయేనా?"

"ఎవరు, మా అమ్మా? పోయి శానా ఏళ్లయింది."

"అయ్యయ్యో, కబురైనా పెట్టలేదే!" అని సత్తిరాజు నిబంధన ప్రకారం నొచ్చుకున్నాడు.

నూకాలమ్మ కొంగు బిగించింది. "సూడు బాబూ. మేనమామంటే సీర పెట్టాల. పెడతావా? లేదంటే కుళాయి బాగుసెయ్యి. రెండూ కాదంటే ఈ ముచ్చట్లు నాకొద్దు, బండి కాడ పెనం కాలిపోతోంది."

ఆవిడ మాటలను ఎం.డి. గారు "వినియోగదారులు చుట్టరికం మనస్ఫూర్తిగా స్వీకరించి, లాంఛనాలు కూడా అడుగుచున్నారు" అని రాజధానికి రాసి పంపారు. కుళాయి సంగతి నివేదికలో ఇమడలేదు. రాజధానిలో శాఖ కార్యదర్శి గారు మహదానందపడి, ఈ పథకాన్ని అనుసరించమని అన్ని జిల్లాలకీ లేఖలు రాసి, తామే స్వయంగా వచ్చి ఆ చిత్రరాజాన్ని సిబ్బంది మధ్య కూర్చుని చూస్తామని కబురు పెట్టారు. వస్తూ వస్తూ మంచి ప్రతి కూడా తెస్తున్నారు. "సామాన్య సిబ్బంది సౌకర్యార్థం తెలుగు సబ్ టైటిల్స్‌తో" అని ఆ కబురు చివర ఉంది.

ఆ చివరి మాట భాస్కరం గారు రెండుసార్లు చదివారు. తెలుగు అక్షరాలు! హైమావతికి ఇంగ్లీషు రాకపోవచ్చు గానీ తెలుగు మాత్రం పేలపిండి పొట్లం కాగితం కూడా వదలకుండా చదువుతుంది. ఇన్నేళ్ల పరువూ తెర అడుగున వరసగా రాసి చూపిస్తారన్నమాట. ఆ పూట ఆయన ఇంటికెళ్లి, "నువ్వు రాకపోయినా ఫరవాలేదు హైమా, చూసిన సినిమాయేగా," అన్నారు.

"అదేంటండీ, పెద్దాఫీసరు వస్తుంటే? పైగా ఈసారి అక్షరాలు కూడా పడతాయంట కదా. సత్తిరాజు వాళ్లావిడ చెప్పింది," అంది హైమావతి, పెట్టెలోంచి పట్టుచీర తీస్తూ.

మర్నాడు భాస్కరం గారు తెగించి ఎం.డి. గారి గదిలో నిలబడ్డారు. చెప్పేశారు. తనకి ఆ సినిమాలో మూడు మాటలు తప్ప అర్థం కాలేదని, మేనమామ మేనమామ కాకపోవచ్చునని, అసలు వాళ్లు మొగుడూ పెళ్లాలు అయ్యారో లేదో కూడా తనకి రూఢిగా తెలియదని. చెబుతుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యమేసింది, కొంత తేలికగానూ అనిపించింది.

ఎం.డి. గారు చాలాసేపు పేపర్ వెయిట్ తిప్పారు.

"భాస్కరం గారూ, మీకు అర్థం కాలేదంటే దాని పర్యవసానం ఏమిటో ఆలోచించారా? సారాంశం ఆమోదించింది ఎవరు?"

"తమరేనండి."

"నాకూ ఇలాగే అనిపించింది అని చెప్పింది?"

"తమరేనండి."

"అంటే మీకు అర్థమైనట్టే. లేకపోతే నాకు అర్థం కానట్టు అవుతుంది. అది పాలనాపరంగా సాధ్యం కాదు. వెళ్లి పని చూసుకోండి."

నిజం చెప్పే అవకాశం కూడా తన హోదాకి మించినదని ఆ రోజే భాస్కరం గారికి తెలిసింది.

రెండో ప్రదర్శన నాడు హాలు కిటకిటలాడింది. వేదిక పైన మామయ్య పథకం బ్యానరు, దాని పక్కనే నిలువెత్తు మీసాల బొమ్మ, మెడలో తాజా బంతిపూల దండ. కార్యదర్శి గారు ముందు సోఫాలో కూర్చున్నారు. సినిమా మొదలైంది. గొడుగు మనిషి వానలో తలుపు తోశాడు. టోపీ ఆవిడ ఏదో అంది. తెర అడుగున తెల్లటి తెలుగు అక్షరాలు వెలిగాయి.

"ఎవరు మీరు? మా ఇంట్లో మీకేం పని?"

"మీ ఇల్లా? ఈ ఇల్లు నేను అద్దెకు తీసుకున్నానే!"

హాల్లో ఎవరో దగ్గారు. భాస్కరం గారు నవ్వాలన్న సంగతే మర్చిపోయారు. ఆయన నవ్వలేదు గనుక ఇంకెవరూ నవ్వలేదు. తెరమీద మనుషులు పరస్పరం పేర్లు అడిగి తెలుసుకున్నారు. హైమావతి పెదాలు కదుపుతూ ఒక్కొక్క అక్షరమే చదువుతోంది. ఇంతలో బుర్రమీసాల మనిషి వచ్చి, వంటింట్లోకి వెళ్లి, పళ్లెంలోంచి ఒక మాంసం ముక్క తీసి నోట్లో వేసుకుని, తనలో తను నవ్వుకుంటూ అన్నాడు. అక్షరాలు చాలా స్పష్టంగా పడ్డాయి.

"ఒకే ఇంటికి ఇద్దరి దగ్గర అద్దె గుంజాను. మూడో వెర్రివాడు దొరికితే ఈ వంటిల్లు కూడా విడిగా ఇచ్చేస్తాను."

కార్యదర్శి గారు తెరమీద మీసాలను చూశారు. దండ వేసిన బొమ్మ మీసాలను చూశారు. మళ్లీ తెర చూశారు. "ఆపండి," అన్నారు.

సినిమా ఆగింది. మీసాలాయన నోరు తెరిచి ముక్క నములుతూ తెరమీద అలాగే నిలిచిపోయాడు.

"ఏమిటిది?" అని కార్యదర్శి గారు అడిగారు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఈ మనిషి బొమ్మ అన్ని జిల్లాల కౌంటర్ల మీదా ఎక్కించమని ఉత్తరువులిచ్చింది ఆయనే.

ఎం.డి. గారు లేచి గొంతు సవరించుకున్నారు. "సర్, ప్రస్తుతం మన ముందు రెండు కథనాలు ఉన్నవి. ఒకటి, సక్రమంగా తయారై, పరిశీలనకు వచ్చి, సంబంధిత అధికారి ఆమోదం పొంది, అమలులో ఉన్నది. రెండవది, తెర అడుగున వచ్చుచున్నది. దీనిని ఎవరు తయారుచేసిరి? ఎవరు పరిశీలించిరి? దీనికి ఆమోదం ఎక్కడ? ఎవరి సంతకమూ లేని అక్షరాలను ఆధారం చేసుకుని, ఆమోదం పొందిన మేనమామను మనము ఎట్లు అనుమానించగలము?"

కార్యదర్శి గారి ముఖంలోకి రక్తం మెల్లగా తిరిగొచ్చింది. "అయితే మీ అభిప్రాయం ప్రకారం పొరపాటు ఎక్కడ జరిగింది?"

"సినిమాలో జరిగింది సర్. ఆమోదించిన కథ నుంచి చిత్రం పలుచోట్ల పక్కదారి పట్టింది."

"సరిచేయించాలి," అన్నారు కార్యదర్శి గారు. "అందాకా ఆ అక్షరాలు సిబ్బంది కంటపడకూడదు. ఇప్పటిదాకా ఎవరైనా చదివారా?"

హాలంతా ముక్తకంఠంతో "లేదండి" అంది. చదవడం వచ్చని ఒప్పుకునే ధైర్యం ఇంజనీర్లకి కూడా లేకపోయింది. అప్పుడు నాన్ గజిటెడ్ వరసలోంచి ఒక పట్టుచీర లేచింది.

"నేను చదివానండి," అంది హైమావతి.

కార్యదర్శి గారు ఎం.డి. గారి వైపు వంగారు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు.

"అమ్మా, మీరు ఉద్యోగి కాదు గనుక, మీరు చదివినది రికార్డులోకి రాదు. కూర్చోండి," అన్నారు కార్యదర్శి గారు దయగా.

హైమావతి కూర్చుంది. పైనున్న మామయ్య బ్యానరు విప్పి తెర అడుగున అక్షరాలు కనపడకుండా అడ్డంగా కట్టారు. భాస్కరం గారి చేతికి మైకు ఇచ్చి, చిత్రం నడుస్తుండగా ఆమోదం పొందిన కథ చదవమన్నారు.

ఆయన అరవై జంటల ముందు నిలబడ్డారు గానీ ఆయనకి ఒక్క మొహమే కనపడుతోంది. ఆ మొహంలోకి చూడలేక తెర వైపు తిరిగారు. "భార్య... భార్య అలిగినది," అన్నారు. మంచినీళ్లు తాగారు. "భర్త బతిమాలుచున్నాడు." తెరమీద ఆ భర్త కానివాడు సోఫా ఈడుస్తున్నాడు. ఒక్కొక్క అబద్ధం మైకులోంచి హాలంతా మారుమోగి, తిరిగొచ్చి ఆయన చెవినే పడుతోంది. చీకట్లో ఒక్క చెవిలో చెప్పినప్పుడు ఎంత అందంగా ఉండేవి ఇవే అబద్ధాలు! మైకులో వింటే ఆఫీసు కాగితంలా ఉన్నాయి. చివరికి మోకాళ్లమీద కూర్చున్నవాడు ఆవిడ చేతికి ఉంగరం తొడుగుతుంటే, ఇప్పుడు ఆ సన్నివేశం ఏమిటో ఆయనకి కూడా తెలిసిపోయింది. అయినా చదివారు. "సోఫా క్రింద పడిన ఉంగరము... దొరికినది."

చప్పట్లు మొదటి వరసలో మొదలై చివరి వరస దాకా వెళ్లాయి. కార్యదర్శి గారు భాస్కరం గారికి శాలువా కప్పి, హాలీవుడ్ స్వర్ణయుగంలోని మిగిలిన చిత్రాలన్నింటికీ సారాంశాలు రాసే బాధ్యత ఆయనకే అప్పగిస్తున్నట్టు ప్రకటించారు. తప్పుదారి పట్టిన సినిమాలు ఇంకా ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు?

ఇద్దరూ మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటికి నడిచారు. ఆటో పిలవాలని భాస్కరం గారికి తోచలేదు. శాలువా మెడమీద గుచ్చుకుంటోంది. హైమావతి గొడుగు విప్పి సగం ఆయన మీదికి పట్టింది. కలెక్టరాఫీసు గోడ దాటారు, చెరుకురసం బండి దాటారు. ఆవిడ తిట్టినా బాగుండు అనిపించింది ఆయనకి.

"హైమా," అన్నారు చివరికి. "నాకు ఇంగ్లీషు సినిమాలు అర్థం కావు."

"తెలుసండి."

"ఇవాళ తెలిసింది."

"ఇవాళేం కాదు. మన పెళ్లయిన కొత్తలో మొట్టమొదట చూశాం చూడండి, ఆ రోజే. నాకు అవతలి పక్కన ఒకాయన వాళ్లావిడకి కథ చెబుతున్నాడు. ఈ చెవితో మీ కథ, ఆ చెవితో ఆయన కథ విన్నాను. రెండిటికీ ఎక్కడా పొత్తు లేదు."

"ఆయనకే రాదేమో," అన్నారు భాస్కరం గారు. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పే ఆయనండి. ఇంటర్వెల్లో వాళ్లావిడే చెప్పింది."

భాస్కరం గారు రోడ్డు మధ్యలో ఆగిపోయారు. వెనక రిక్షావాడు బెల్లు కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాడు. ఇన్నేళ్లుగా తను ఏ పరువును కాపాడుకోవడానికి చెమటలు కక్కాడో, అది పెళ్లయిన నెలలోనే పోయిందని తలుచుకుంటే, తనంత వెర్రివాడు ఆ మీసాలవాడికి కూడా దొరికి ఉండడనిపించింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకడిగావే, ఏమంటున్నాడండీ, ఏమంటున్నాడండీ అని?"

హైమావతి గొడుగు ఆయన నెత్తిమీదికి ఇంకాస్త జరిపింది.

"ఆయన చెప్పిన కథలో ఆ పిల్ల చివర్లో చచ్చిపోయిందండీ," అంది. "మీ కథలో బతికి, మొగుడితో రైలెక్కి కాపరానికి వెళ్లింది. నాకు మీదే నచ్చింది."